అంకె పెద్దది... అడుగు చిన్నది!

'సెలెరానా, డ్యురానా?' ఇరవై ఏళ్ల కిందట మధ్యతరగతి ఇంట్లో కంప్యూటర్ కొనాలంటే ముందుగా తేలాల్సిన లెక్క ఇదే. ఒకటి ఇంటెల్ వారి చవక ప్రాసెసర్, రెండోది ఏఎండీ వారిది. ఇప్పుడు రెండూ అటకెక్కాయి. కానీ ఆ పోటీ నేర్పిన పాఠం మాత్రం ఇవాళ ల్యాప్‌టాప్ కొనేవాళ్లకీ పనికొస్తుంది.

'ఎన్ని గిగాలు?'

2003లో కొత్తగా కంప్యూటర్ కొన్న ఇంటికి ఎవరు వచ్చినా అడిగే మొదటి ప్రశ్న అది. కొత్త బండి కొంటే 'లీటరుకి ఎంతిస్తోంది?' అన్నట్టన్నమాట. మా నాన్న హైస్కూల్ మాస్టారు. అక్క ఎంసీఏలో చేరింది. కంప్యూటర్ లేకపోతే కుదరదంది. జీపీఎఫ్‌లో లోన్ పెట్టి, ఆ డబ్బు చొక్కా లోపలి జేబులో దాచుకుని, నాన్న సికింద్రాబాద్ బస్సెక్కారు. కూడా నేనూ, అక్కా.

పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్... అందరి నోటా సీటీసీ. జంటనగరాల్లో విడిభాగాలు కొని కంప్యూటర్ కట్టించుకోవాలంటే అప్పట్లో చాలామంది దారి అటే. ఓ షాపులో కుర్రాడు కాగితం మీద వరసగా రాసుకుంటూ పోయాడు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్, క్యాబినెట్, మానిటర్, యూపీఎస్... కింద గీత గీసి మొత్తం వేస్తే నాన్న జేబు దాటింది.

'ప్రాసెసర్ మారిస్తే తగ్గుద్ది మాస్టారూ. డ్యురాన్ 1.6 ఉంది' అన్నాడు.

'వద్దు బాబూ. రెండు గిగాలది ఉండగా ఒకటిన్నరది ఎందుకు? ఇంకేదైనా తగ్గించు' అన్నారు నాన్న.

కుర్రాడు పెన్ను వెనక్కి జరిపి ర్యామ్ దగ్గర 256 కొట్టేసి 128 చేశాడు. లెక్క సరిపోయింది. అలా మా ఇంటికి 2 గిగాహెర్ట్జ్ సెలెరాన్ వచ్చింది. అదే నెలలో పెదనాన్న వాళ్లు 1.6 గిగాహెర్ట్జ్ డ్యురాన్ తీసుకున్నారు. మిగిలిన డబ్బుతో ర్యామ్ 256 వేయించుకున్నారు. 'పాపం, అన్నయ్య తక్కువ గిగాలతో సరిపెట్టుకున్నాడు' అని నాన్న అమ్మతో అనడం నేను విన్నాను.

కోత పెట్టిన తమ్ముళ్లు

అసలు ఈ రెండూ ఎక్కణ్నుంచి వచ్చాయి? 1998 ఏప్రిల్‌లో ఇంటెల్ సంస్థ తన ఖరీదైన పెంటియం-2కి చవక తమ్ముడిగా సెలెరాన్‌ని దించింది. ధర తగ్గించడానికి అందులో క్యాష్ అనే ముఖ్యమైన భాగాన్ని తీసేసింది. దాంతో నెమ్మదిగా ఉందంటూ విమర్శలొచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో 128 కిలోబైట్ల క్యాష్ చేర్చి 300ఏ అనే రకాన్ని తెచ్చింది. అది ఎంత బాగా కుదిరిందంటే... 300 మెగాహెర్ట్జ్ చిప్‌ని కాస్త సెట్టింగులు మార్చి 450 దగ్గర నడిపించుకున్నారు ఔత్సాహికులు!

2000 జూన్‌లో ఏఎండీ రంగంలోకి దిగింది. తన అథ్లాన్‌కి కోత పెట్టి డ్యురాన్ పేరుతో వదిలింది. మొదట్లో 600, 650, 700 మెగాహెర్ట్జ్ రకాలు. అక్కణ్నుంచి నాలుగేళ్లపాటు చవక కంప్యూటర్ల బరిలో ఈ రెండింటికీ పోటీ సాగింది.

2002లో ఇంటెల్ సెలెరాన్‌ని పెంటియం-4 కుటుంబంలోకి మార్చింది. అంకెలు ఒక్కసారిగా పెరిగాయి. మే నెలలో 1.7, సెప్టెంబరుకల్లా 2 గిగాహెర్ట్జ్. ఏఎండీ 2003 ఆగస్టులో 1.4, 1.6, 1.8 గిగాహెర్ట్జ్ డ్యురాన్‌లు తెచ్చింది. మా ఇంటికీ పెదనాన్న ఇంటికీ వచ్చినవి ఈ తరానివే.

కాగితం మీద చూస్తే సెలెరాన్‌దే పైచేయి. 2 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి రెండు వందల కోట్ల టిక్కులు. 1.6 అంటే నూట అరవై కోట్లు. నలభై కోట్లు తక్కువ! మరి పరీక్ష పెడితే ఏమైంది?

పోపుల పెట్టె రహస్యం

పోపు పెట్టేటప్పుడు అమ్మని గమనించండి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి చేతికందే పోపుల పెట్టెలో ఉంటాయి. అందులో అయిపోతే అలమరలో డబ్బా తీయాలి. అదీ నిండుకుంటే వీధి చివర కిరాణా కొట్టుకి పరుగెత్తాలి. ఈలోగా నూనె మాడుతుంది. అమ్మ చెయ్యి ఎంత చురుగ్గా ఆడినా కొట్టుకి వెళ్లినవాడు వచ్చేదాకా పొయ్యి దగ్గర చేసేదేమీ ఉండదు.

ప్రాసెసర్ కథా ఇంతే. దానికి పక్కనే ఉండే చిన్న పోపుల పెట్టె ఎల్1 క్యాష్. అలమర లాంటిది ఎల్2 క్యాష్. కిరాణా కొట్టు ర్యామ్. ఇక హార్డ్ డిస్క్ అంటారా... అది పొరుగూరి సంత!

సెలెరాన్ అన్నయ్య పెంటియం-4లో ఆ రోజుల్లో 512 కిలోబైట్ల ఎల్2 ఉండేది. సెలెరాన్‌కి వచ్చేసరికి అది 128. అంటే నాలుగో వంతు. దాని ఎల్1లో డేటా కోసం ఉన్న చోటు 8 కిలోబైట్లే.

డ్యురాన్‌దీ కోతే. అథ్లాన్ ఎక్స్‌పీలో 256 ఉంటే దీనికి 64 కిలోబైట్ల ఎల్2 మాత్రమే. కానీ దాని పోపుల పెట్టె మాత్రం పెద్దది. ఎల్1 ఏకంగా 128 కిలోబైట్లు! పైగా పెట్టెలో ఉన్న సరుకునే మళ్లీ అలమరలోనూ పెట్టుకునే పద్ధతి దానికి లేదు. అందుకే రెండూ కలిపి 192 కిలోబైట్లు పూర్తిగా వాడకానికి వచ్చేవి. కాబట్టి డ్యురాన్ కిరాణా కొట్టుకి పరుగెత్తే అవసరం తక్కువ పడేది.

ఇటుకలు అందించే వరస

రెండో కారణం ఇంకా ఆసక్తికరం. ఇల్లు కట్టేచోట కూలీలు వరసగా నిలబడి ఇటుకలు చేతులు మారుస్తుంటారు చూడండి... ప్రాసెసర్ లోపలా పని అలాగే సాగుతుంది. డ్యురాన్‌లో ఆ వరసలో 10 మంది ఉంటే, పెంటియం-4 కుటుంబపు సెలెరాన్‌లో 20 మంది. వరస పొడవైతే ఒక్కొక్కరు చేసే పని చిన్నదవుతుంది. చేతులు చకచకా కదులుతాయి. గిగాహెర్ట్జ్ అంకె పెరిగేది అందుకే.

కానీ ఓ చిక్కుంది. తర్వాత ఏ పని చేయాలో ప్రాసెసర్ ముందే ఊహించి వరసలోకి పంపిస్తుంటుంది. ఆ ఊహ తప్పితే వరసలో ఉన్నదంతా పారేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. పది మంది వరస త్వరగా సర్దుకుంటుంది. ఇరవై మంది వరస మళ్లీ నిండాలంటే ఎక్కువ టిక్కులు వృథా. పెంటియం-4కి పెద్ద క్యాష్ ఉంది కాబట్టి కొంత నెగ్గుకొచ్చేది. పొడవైన వరసా, చిన్న అలమరా... రెండూ ఒకచోట కలిసింది సెలెరాన్‌లోనే.

ఫలితం? 2003లో జరిగిన పరీక్షల్లో ఆటలు, ఆఫీసు పనులు, ప్రోగ్రామ్‌ల కంపైలింగ్ వంటి వాటిలో చాలాచోట్ల 1.6 గిగాహెర్ట్జ్ డ్యురాన్ ముందు నిలిచింది. అదీ 2 గిగాహెర్ట్జ్ సెలెరాన్ మీద మాత్రమే కాదు, 2.6 గిగాహెర్ట్జ్ సెలెరాన్ మీద కూడా! సెలెరాన్‌కి కాస్త కలిసొచ్చిన చోటు వీడియో, పాటల మార్పిడి లాంటి పనులు. ఒకే తీరు లెక్క వరసబెట్టి చేసుకుంటూ పోవడం, డేటా ధారగా రావడం దాని తత్వానికి సరిపడేవి.

అక్క అర్ధరాత్రి ప్రయాణాలు

ఇవేవీ మాకు తెలియవు. తెలిసిందల్లా ఒకటే. అక్క ప్రాజెక్టు జావాలో. ఒక పక్క డేటాబేస్, ఇంకో పక్క జావా, మధ్యలో బ్రౌజర్. మూడూ తెరిచేసరికి మా కంప్యూటర్ లోపల హార్డ్ డిస్క్ గరగరలాడేది. మౌస్ కదిలితే బాణం కాసేపటికి కదిలేది. అక్క కళ్లలో నీళ్లు తిరిగేవి. రివ్యూ వారంలోకి వచ్చేసరికి ఆమె సీడీ సంచిలో వేసుకుని పెదనాన్న వాళ్లింటికి వెళ్లడం మొదలుపెట్టింది. రాత్రి పదకొండింటికి నాన్న సైకిలు మీద వెళ్లి తీసుకొచ్చేవారు.

'అక్కడ ఎలా అవుతోందమ్మా? అది ఒకటిన్నరేగా?' అని అడిగారు ఓ రాత్రి.

'ఏమో నాన్నా. అక్కడైతే అయిపోతోంది' అంది అక్క.

నాన్నకి అనుమానం వచ్చింది. రెండని చెప్పి తక్కువది అంటగట్టారా? ఆదివారం క్యాబినెట్‌ని దుప్పట్లో చుట్టి బస్సులో సీటీసీకి పట్టుకెళ్లారు. షాపు కుర్రాడు విసుక్కోకుండా కేబుళ్లు తగిలించి ఆన్ చేశాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చూపించాడు.

'ఇదిగో మాస్టారూ. రెండు గిగాలే. మోసం లేదు.'

నిజమే. మోసం లేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అంకె సరైందే, మేం దాన్ని చదువుకున్న తీరే తప్పు. మా తంటాకి ప్రాసెసర్ ఒక్కటే కారణం కూడా కాదు. విండోస్ ఎక్స్‌పీకి 128 మెగాబైట్ల ర్యామ్ ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ చెప్పిన లెక్కే. కానీ అది ఎక్స్‌పీకి మాత్రమే. దాని మీద డేటాబేస్, జావా, పైగా మదర్‌బోర్డులోని గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్‌లో వాటా తీసుకుంటే మిగిలేదెంత? కిరాణా కొట్టూ ఖాళీ అయితే ప్రతి ఆవగింజకీ సంతకెళ్లాలి. ఆ గరగర అదే!

'ఇంకో 128 ర్యామ్ వేయించుకోండి, తేడా మీకే తెలుస్తుంది' అన్నాడు కుర్రాడు. నాన్న నెల జీతంలోంచి తీసి వేయించారు. ఆ రాత్రి అక్క మా ఇంట్లోనే కూర్చుని పని చేసుకుంది. పెదనాన్న వాళ్ల దానంత చురుగ్గా కాకపోయినా, ప్రాజెక్టు గడువులోగా పూర్తయింది. మొదటి రోజే కాగితం మీద గీత ర్యామ్ దగ్గర కాకుండా ప్రాసెసర్ దగ్గర కొట్టి ఉంటే... ఆ సైకిలు ప్రయాణాలు తప్పేవి.

సెలెరాన్ వైపూ వినాలి

డ్యురాన్ గెలిచింది కదా అని అప్పుడు సెలెరాన్ కొన్నవాళ్లంతా అమాయకులేం కాదు. దాని లాభాలు దానికున్నాయి.

డ్యురాన్ చిప్ మధ్యలో సిలికాన్ ముక్క పైకి నగ్నంగా కనిపించేది. దాని మీద హీట్‌సింక్ బిగించాలంటే గట్టి క్లిప్పుని స్క్రూడ్రైవర్‌తో నొక్కిపట్టాలి. చెయ్యి జారితే చిప్ అంచు పగిలేది. సెలెరాన్‌కి పైన లోహపు మూత ఉండేది. ఆ భయం లేదు.

వేడి సంగతి ఇంకా ముఖ్యం. సెలెరాన్ బాగా వేడెక్కితే తనంతట తనే వేగం తగ్గించుకుని ప్రాణం కాపాడుకునే ఏర్పాటు చిప్ లోపలే ఉంది. డ్యురాన్‌ని కాపాడే బాధ్యత చాలావరకు మదర్‌బోర్డుది. మే నెల ఎండలు, దుమ్ము, ఫ్యాన్‌లో పేరుకున్న నూగు... మన ఇళ్లలో ఇవేవీ చిన్న విషయాలు కావు.

ఇక కొనేనాడు ఎవరూ ఊహించని తేడా ఇంకొకటి. వీడియో, లెక్కల పనుల కోసం పెంటియం-4 కుటుంబంలో ఎస్ఎస్ఈ2 అనే ఆదేశాలు చేర్చారు. సెలెరాన్‌కీ అవి వచ్చాయి. డ్యురాన్‌లో లేవు. పదేళ్ల తర్వాత దాని ప్రభావం తెలిసింది. 2014లో గూగుల్ క్రోమ్, 2016లో విండోస్ మీద ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు ఎస్ఎస్ఈ2 లేని ప్రాసెసర్ల మీద కొత్త వెర్షన్లు నడవవని తేల్చేశాయి. అప్పటిదాకా బతికున్న డ్యురాన్ కంప్యూటర్లకి కొత్త బ్రౌజర్ దారి మూసుకుపోయింది. సెలెరాన్‌కి మాత్రం ఇంకొన్నాళ్లు నూకలున్నాయి.

పేర్లే తారుమారు!

సెలెరాన్ పేరు వెనకున్న లాటిన్ పదానికి 'వేగవంతం' అని అర్థం. డ్యురాన్ వెనకున్న పదానికి 'చాలాకాలం నిలిచేది' అని. తీరా చూస్తే వేగంలో నెగ్గింది డ్యురాన్, నిలిచింది సెలెరాన్! 2004లో సెంప్రాన్ రాకతో డ్యురాన్ కథ ముగిసింది. సెలెరాన్ పేరు మాత్రం తరం తర్వాత తరం సాగింది. చివరికి 2023 నుంచి ల్యాప్‌టాప్‌లకి ఆ పేరు వాడబోమని 2022 సెప్టెంబరులో ఇంటెల్ ప్రకటించింది.

గిగాహెర్ట్జ్ పందెం కూడా అలాగే ముగిసింది. తమ చిప్ చేసే పనికీ అంకెకీ పొంతన లేదని 2001లోనే ఏఎండీ అథ్లాన్ ఎక్స్‌పీకి '1500+' లాంటి పేర్లు పెట్టింది. 2004లో ఇంటెల్ కూడా మోడల్ నంబర్ల దారి పట్టింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం-4 తెచ్చే ఆలోచన అదే ఏడాది అక్టోబరులో మానుకుంది. 2006లో వచ్చిన కోర్ 2 డ్యువో తక్కువ గిగాహెర్ట్జ్‌తోనే పెంటియం-4ని సునాయాసంగా దాటేసింది.

ఇవాళ కొనేవాళ్లకి...

గిగాలు పోయాయి, స్టిక్కర్లు వచ్చాయి. 'ఐ7 అంటే ఐ3 కన్నా మంచిదేగా?' అని ఇప్పుడు అడుగుతున్నాం. అప్పటి పొరపాటే, కొత్త చొక్కా తొడుక్కుంది. షాపుకి వెళ్లేముందు ఈ నాలుగూ గుర్తుంచుకోండి:

* తరం చూడండి: 2017 నాటి ఐ7-7700 కన్నా 2022లో వచ్చిన ఐ3-12100 చురుకైనది. పేరులో ఐ7 ఉందని పాత మిషన్‌కి ఎక్కువ పోయకండి.

* మోడల్ నంబరు పూర్తిగా చదవండి: ఏఎండీ రైజెన్ 5 7520యూ 2022లో వచ్చింది. పైకి 7000 వరస. లోపలున్నది మాత్రం 2019లో మొదలైన జెన్2 నిర్మాణం. నంబరు పెద్దదైనంత మాత్రాన లోపలిది కొత్తదని కాదు.

* ర్యామ్ దగ్గర గీత కొట్టకండి: విండోస్ 11కి 4 జీబీ కనీస అవసరం. కనీసం అంటే తెరుచుకోవడానికి సరిపడా అని. మా 128 కథ గుర్తుందిగా! తర్వాత ర్యామ్ పెంచుకునే వీలుందో లేదో ముందే అడగండి. చాలా ల్యాప్‌టాప్‌లలో అది బోర్డుకే అతికించి ఉంటుంది.

* పని ముందు, పరికరం తర్వాత: ఇంట్లో ఎవరు, ఏ పనికి, ఎన్నేళ్లు వాడతారో కాగితం మీద రాసుకుని వెళ్లండి. పాఠాలు వినడానికో, ఉత్తరాలు రాయడానికో చాలినది వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకి చాలదు.

అటక మీద ఇంకా ఆ పాత డబ్బా ఉందా? ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌తోనే మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. కాబట్టి దాంతో బ్యాంకు పనులు వద్దు. ఫొటోలు తీసేసుకుని, చెత్తబుట్టలో కాకుండా అధీకృత ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలో ఇచ్చేయండి.

మా సెలెరాన్ని కూడా అలాగే సాగనంపాం. కొన్ననాటి కొటేషన్ కాగితం మాత్రం నాన్న దాచారు. 256 మీద కొట్టేసిన గీత ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మొన్నామధ్య అక్క కొడుక్కి ల్యాప్‌టాప్ కొనడానికి అందరం బయల్దేరాం. సేల్స్‌మన్ ప్రాసెసర్ పేరు గొప్పగా చెప్పడం మొదలుపెట్టాడు. నాన్న కళ్లద్దాలు సర్దుకుని మధ్యలోనే ఆపారు.

'అది తర్వాత చెబుదువుగాని బాబూ. ముందు ర్యామ్ ఎంత?'

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.